నల్లనడుం, బూడిదనడుం

అనగనగా ఒక రాజుగారు. రాజ్యాన్ని మంత్రులకు వదిలి, కునుకును మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి మీసాలున్నాయి. రెండోవాడికి మీసాల మీద ఆశ ఉంది. మూడోవాడు జయకేతుడికి అన్నలున్నారు.

కరాళదంష్ట్రుడనే మాంత్రికుడు ఇందుకళ అనే రాకుమారిని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల, ఏనుగుల చెవులు చేటలను మించిన దేశంలో దాచాడు. ఆమెను తెస్తానని పెద్దవాడు వెళ్లాడు, రాయైపోయాడు. రెండోవాడు వెళ్లాడు, రాయైపోయాడు. అన్నలు లేని ఇంట్లో అన్నం సహించక మూడోవాడూ బయల్దేరాడు.

ఏడో సముద్రం దాటగానే గడ్డిలో ఒక ముసలి జీనువాయి పిట్ట, వేటగాడు పెట్టిన జిగురుపుల్లకు అంటుకుని కనిపించింది. జయకేతుడు తలకు రాసుకునే నూనెతో దాని కాళ్లు మెల్లగా విడిపించాడు.

"చల్లగా ఉండు నాయనా! మాంత్రికుడి పంజరంలో మా జాతివే రెండు పిట్టలున్నాయి. రెండింటికీ ఎర్రముక్కే, కంటి మీదుగా ఎర్రగీతే. నల్లనడుం పిట్టలో వాడి ప్రాణం ఉంది. బూడిదనడుంది ఒట్టి పిట్ట."

"నడుం చూస్తే చాలా అవ్వా?"

"రెక్కలు ముడిస్తే నడుం కనబడదుగా! ఎగిరినప్పుడే చూడాలి. మీ అన్నలు ముక్కులు చూస్తూ కూర్చున్నారు. అందగాళ్లే, పాపం."

మాంత్రికుడి గుమ్మానికి ఒకపక్క రెండు రాళ్లున్నాయి. ఒకదానికి మీసాలున్నాయి. జయకేతుడు ఆ మీసాల మీది దుమ్ము తుడిచాడు.

"నా ప్రాణం ఏ పిట్టలో ఉందో ముట్టుకోకుండా చెప్పు. తప్పితే రాయివవుతావు. రెండోపక్క గుమ్మం బోసిగా ఉంది," అన్నాడు మాంత్రికుడు.

పంజరం పట్టుకుని నిలబడ్డ ఇందుకళ నిట్టూర్చింది. "మళ్లీ ముక్కులేనా రాకుమారా?"

జయకేతుడు పంజరం తలుపు తీసేశాడు. పిట్టలు రివ్వున లేచాయి. ఒకదాని నడుం బూడిద, ఇంకోదాని నడుం బొగ్గు.

"నల్లనడుంది!"

మాంత్రికుడు దాని మీదికి దూకాడు. జయకేతుడు అడ్డం నిలబడి, "పో తల్లీ, పారిపో!" అని అరిచాడు.

కిటికీ దాకా వెళ్లిన పిట్ట వెనక్కి తిరిగి, అతని అరచేతిలో ఒక జొన్నగింజ ఉమ్మింది. "తలుపు తీసినవాడివి నువ్వొక్కడివే. వీడి ప్రాణం మోయలేక చచ్చాను. తీసుకో బాబూ."

గింజను గోటితో చిదిమాడు. మాంత్రికుడు పిడికెడు బూడిదయ్యాడు. అంత పెద్ద పేరుకు అంతే వచ్చింది.

రాళ్లు ఒళ్లు విరుచుకున్నాయి. "ఇంకాస్త వ్యవధి ఇస్తే నేనే చెప్పేవాణ్ని," అన్నాడు పెద్దవాడు. అని, తమ్ముణ్ని వాటేసుకుని ఎంతకీ వదల్లేదు.

జయకేతుడికీ ఇందుకళకూ పెళ్లయింది. రాజుగారు కూడా లేచి వచ్చారు. ఆ దంపతులు ఏలిన కాలమంతా, కొత్త పంట కోయగానే ఊరూరా తొలి కంకులు పిట్టల కోసం చూరుకు వేలాడేవి. తినడానికొచ్చిన పిట్టను నల్లనడుమా, బూడిదనడుమా అని ఒక్కరూ అడిగేవారు కాదు.