ఋతంభరుడు పీఠం దిగిన కథ

పూర్వం కృతయుగంలో, సప్తద్వీపాల రాజులు సముద్రాల సరిహద్దుల కోసం కొట్టుకు చస్తుంటే చూడలేక, చతుర్ముఖుడైన బ్రహ్మదేవుడు మేరుపర్వతం పాదాన ఒక మహాసభను నెలకొల్పి, ఏటా ఒక అధిపతిని ఎన్నుకోమని కట్టడి చేశాడు. పీఠమెక్కినవాడు తనవాళ్ల వైపు ఒరగకుండా, వారసుణ్ణి ఎన్నుకునేదాకా స్వదేశంలో అడుగుపెట్టరాదు. పీఠం మీద ఉన్నంతకాలం అతని ద్వీపానికి సభలో మాట చెల్లదు. ఎన్నిక కాకుండా తనంతట తాను దిగిపోతే, జన్మంతా చేసిన తపస్సు ఆ మెట్ల మీదే రాలిపోతుంది.

తపోధనుడూ సత్యవాక్యుడూ అయిన ఋతంభర మహర్షి క్రౌంచద్వీపం నుంచి అలా వచ్చి, ఏడాదికని ఎక్కిన పీఠం మీద పన్నెండేళ్లు కూర్చుండిపోయాడు. క్రౌంచం పోగా మిగిలినవి ఆరు ద్వీపాలు; ఏటా మూడు ప్లక్షరాజు సుధన్వుడి వైపు, మూడు శాకరాజు వజ్రకేతుడి వైపు. "ఈ ఏటికీ మీరే కానివ్వండి స్వామీ" అనేసి రాజులు ఎన్నిక తేల్చకుండానే ఎవరి దారిన వాళ్లు పోయేవారు. మహర్షి సంధ్య వార్చి కళ్లు మూస్తే చాలు, దర్భలు ఆరబెడుతున్న భార్య ఊర్మిక తడిచేతులు కనబడేవి. క్రౌంచాన్ని చుట్టిన పెరుగుసముద్రం మీది పుల్లటి గాలి ముక్కుకు తగిలినట్టయ్యేది. దిగుదామని లేచేవాడు. తపస్సు గుర్తొచ్చి కూలబడేవాడు.

ఇలా ఉండగా ఒక ఉదయాన క్రౌంచదూత పింగాక్షుడు, మోకాళ్లదాకా మీగడ అంటిన కాళ్లతో వచ్చి పడ్డాడు.

"అయ్యగారూ, సముద్రం గట్టు దాటింది. అమ్మగారు పర్ణశాల వదిలేసి కొండెక్కారు."

"నాకేమైనా చెప్పమందా?"

"పీఠం మీద ఉన్నవారికి నేనేం చెబుతాను అన్నారు."

సముద్రాన్ని మళ్లించమని వరుణుణ్ణి పిలవగల ఆపద్ధర్మసభ కూడాలంటే నాలుగు ద్వీపాలవారు తమ నేల మట్టి పిడికెడేసి వేదిక మీద పోయాలి. పోస్తే అహోరాత్రం లోపల సభ కూడి తీరాలి. సుధన్వుడూ అతని ఇద్దరు మిత్రులూ వెంటనే పోశారు. వజ్రకేతుడు మాత్రం మీసం సవరించుకుంటూ, "పోస్తాం మహర్షీ, ఎందుకు పోయం? ముందు పీఠం నాదని ఒప్పుకోమనండి" అన్నాడు.

"ఊరు మునుగుతుంటే తెప్పకి బేరమా బావా!" అన్నాడు సుధన్వుడు.

"నీ ఊరు కాదుగా, అంత ఉలుకెందుకు?"

పింగాక్షుడి గుప్పిట్లో క్రౌంచపు మట్టి ఉంది. అది చెల్లదు. చెల్లకుండా అడ్డం కూర్చున్నది తానేనని మహర్షికి అప్పుడు ఎదలో దిగింది. ఆయన లేచి, మెట్టు మెట్టుకూ తేజస్సు రాలిపోతుండగా, సాధారణ వృద్ధుడై నేలమీద నిలబడి, "పోయరా నాయనా" అన్నాడు.

నాలుగో పిడికెడు పడింది. సభ కూడింది. మాట తిరిగొచ్చిన క్రౌంచం సుధన్వుడి వైపు నిలవగా, నలుగురి మాటతో అతడు పీఠమెక్కి, జలాధిపతీ పాశధరుడూ అయిన వరుణదేవుణ్ణి సభ తరఫున పిలిచాడు.

వరుణుడు వస్తూనే, "ఏడాది గడువును పన్నెండేళ్లు చేసుకున్నారు. మీ కట్టుబాటు మీరు దాటితే నా గట్టు నేనెందుకు దాటకూడదు? ఇప్పుడు దారికొచ్చారు, నేనూ వెనక్కి పోతాను" అని సముద్రాన్ని మళ్లించి, మహర్షి వైపు తిరిగి, "రాలిన తపస్సు ఇచ్చెయ్యనా?" అని అడిగాడు.

"వద్దు స్వామీ. దాన్ని పట్టుకునే ఇన్నాళ్లూ ఇల్లు పోగొట్టుకున్నాను. ఏ సభాపతికీ ఇకమీదట ఏడాదికి మించి ఇల్లు దూరం కాకుండా చూడు."

"తథాస్తు" అన్నాడు వరుణుడు.

నాటినుంచి ఆ పీఠం ఏటా చేతులు మారింది, ఏడు సముద్రాలూ తమ తమ గట్ల లోపలే ఉన్నాయి. ఋతంభరుడు క్రౌంచానికి చేరేసరికి ఊర్మిక కూలిన పర్ణశాలకు గుంజలు పాతుతోంది. తలెత్తి ఆ ముసలివాణ్ణి ఎగాదిగా చూసింది.

"సభాపతిగారు ఇటు దయచేశారేం?"

"సభాపతిని కాను. ఇప్పుడు ఋషినీ కాను."

ఆమె చేతిలోని గుంజను అతని వైపు జరిపింది. "అయితే ఈ గుంజ కాస్త పట్టుకోండి, ఒరిగిపోతోంది" అంది.