స్వామివారి పళ్లు

సుభాషిణికి ఇరవై ఆరేళ్లు. ఏ పనికైనా ముందు "చేయనా?" అని అడగడం ఆమె అలవాటు.

ఏటి అవతల కొండమీది ఆశ్రమంలో ఏడేళ్లుగా స్వామిని అడిగే తల దువ్వుకుంటోంది. ఇప్పుడు చెల్లెలికి నెలలు నిండాయి. తల్లి లేని పిల్ల, అక్క రావాలని కబురు పెట్టింది.

"వెళ్లనా స్వామీ?"

"నేను లేకుండా మూడు రోజులు బతకలేవు," అన్నాడు స్వామి. అడిగినందుకు శిక్ష కూడా వేశాడు. మూడు రోజులు గదిలో మౌనం. పలకకూడదు, రాయకూడదు, సైగ చేయకూడదు. స్వామి నోట వచ్చిన మాటకు ఆశ్రమంలో తిరుగులేదు.

శిక్ష వేసి, రోజూలాగే కట్టుడు పళ్లు తీసి ఆమె చేతిలో పెట్టి, మధ్యాహ్నం నిద్రకు ఒరిగాడు. భక్తుల దృష్టిలో అవి ఆయన సొంత పళ్లే. అందుకే కడిగి ఎక్కడ దాస్తుందో సుభాషిణికొక్కదానికే తెలుసు.

దాచేసి, మౌనం గదిలోకి వెళ్లేముందు వంటశాలకు వెళ్లింది. వంట చేసే నాంచారమ్మ బియ్యంలో రాళ్లేరుతోంది.

"పిన్నీ, నేను నిజంగా బతకలేనా?"

నాంచారమ్మ చేట తీసుకుని లేచింది. "పద, చూద్దాం." సుభాషిణిని గదిలోకి పంపి, గుమ్మానికి అడ్డంగా కూర్చుని మళ్లీ రాళ్లేరడం మొదలుపెట్టింది.

సాయంత్రం పౌర్ణమి ప్రవచనం. పడవల్లో జనం దిగుతున్నారు. స్వామి ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని పరుగున వచ్చాడు.

"దాంతో ఒక్క మాట." గాలే ఎక్కువ వచ్చింది.

"మౌనంలో ఉంది స్వామీ."

"సైగ చేయమను."

"సైగ కూడా వద్దన్నారు కదా."

"నేనే చెబుతున్నా!"

"మీ మాట మీరే దాటితే రేపు మమ్మల్ని ఆపేదెవరు స్వామీ? ఏం పోయిందో చెప్పండి, అందరం వెతుకుతాం."

స్వామి ఉత్తరీయం నోటికి ఇంకాస్త గట్టిగా నొక్కుకుని వెనుదిరిగాడు.

ఆ సాయంత్రం ఆయన కూడా మూడు రోజుల మౌనం పట్టాడు. భక్తులు కళ్లొత్తుకున్నారు. పూటపూటకీ నాంచారమ్మ పంపిన గంజి తాగుతూ, సుభాషిణి గదిలోంచి చేగోడీలు కరకరలాడుతుంటే వింటూ కూర్చున్నాడు.

మూడో సాయంత్రం నాంచారమ్మ చేట దులుపుకుని లేచింది.

"ఏమే, బతికే ఉన్నావా?"

సుభాషిణి చేగోడీ నములుతూ ఆలోచించింది. తర్వాత పగలబడి నవ్వింది.

మర్నాడు మొదటి పడవకి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లనా అని ఎవరినీ అడగలేదు. పళ్లెక్కడున్నాయో ఎవరికీ చెప్పనూ లేదు.