పాడని మంగళం

ఏది అడిగినా నేరుగా జవాబు చెప్పకపోవడం కూర్మదాసుగారి అలవాటు. హరికథకు నిలబడితే గంటల తరబడి చెప్పే మనిషి, శిష్యుడు ప్రశ్న వేస్తే మాత్రం "చూద్దాం, పద" అని ఉత్తరీయం సర్దుకునేవారు. స్వామి దయ, ఆ "పద" వెనక ఏదో ఒకటి జరిగేది.

ఆయన దగ్గర నీలాద్రి అని ఒక శిష్యుడుండేవాడు. సంగీత కళాశాలలో ఫస్టుక్లాసులో ప్యాసైనవాడు. శ్రుతి తప్పడు, పద్యం మరవడు. అయినా ఏళ్ళ తరబడి గురువు పక్కన వంత పాడటమే అతని పని. సొంతంగా కథ చెప్పాలంటే కాలికి గజ్జె ఉండాలి; వాళ్ళ సంప్రదాయంలో దాన్ని ఎవరికి వారు కట్టుకోకూడదు. గురువే వంగి, తన కాలి గజ్జె విప్పి శిష్యుడి కాలికి కట్టాలి. కూర్మదాసుగారు ఇంతవరకూ వంగలేదు.

అర్హత అన్న మాట మనకెంత అలవాటైపోయిందో చూడండి! ఉద్యోగ ప్రకటనలో అదే, రేషను కార్డు దగ్గర అదే. పెళ్ళిచూపుల్లో కాఫీ చల్లారకముందే అబ్బాయి అర్హతలేమిటని ఆరా. ఇద్దరు తగువులాడుకున్నా "నన్ననడానికి నీకేం అర్హతుంది?" అనే. నీలాద్రికి ఆ మాట గొంతులో ముల్లై కూర్చుంది. ఒకరోజు పొద్దున్నే బస్సులో గురువు పక్కన కూర్చుని ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, గజ్జె కట్టడానికి నాకింకా ఏం తక్కువైంది? అసలు అర్హత అంటే ఏమిటండీ?"

"ఊరు రానీ, చూద్దాం" అన్నారాయన, కిటికీలోంచి చూస్తూ.

ఆ ఊరు సముద్రం ఒడ్డున ఒక జాలరిపేట. గంగమ్మ పండగకు హరికథ పెట్టుకున్నారు. తీరా దిగేసరికి పందిరి ఉంది గాని పండగ లేదు. వేటకెళ్ళిన పడవలు తెల్లారేసరికి ఒడ్డుకు రావాలి. రాత్రి గాలివాన కొట్టింది. మధ్యాహ్నమవుతున్నా ఒక్కటీ రాలేదు. ఆడవాళ్ళంతా ఇసకలో కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నారు. ఏడిస్తే అరిష్టమని ఎవరూ ఏడవడం లేదు.

"వెళ్ళిపోదామండీ, ఇది కథకు వేళ కాదు" అని నీలాద్రి గురువు చెవిలో అన్నాడు. పక్కనే కూర్చున్న నూకాలమ్మ అనే ముసలామె వినేసింది.

"ఎల్లిపోతారేటి బాబూ? ఊరికే కూకుంటే పేణాలు పోతన్నాయి మాకు. సెప్పండి దాసుగోరూ. నా కొడుకు పడవ మీదున్నాడు. ఆడొచ్చీదాకా సెప్పండి." మళ్ళీ నీలాద్రిని ఎగాదిగా చూసింది. "నువ్వేటి నాయినా, పెళ్ళికొడుకునాగ ముస్తాబయినావు, కథ నువ్వు సెప్తావా?"

"లేదమ్మా, నాది వంతే."

"వంతయితే వంతే, గట్టిగా పాడు. సంద్రానికి ఇనపడాల."

కూర్మదాసుగారు గజేంద్రమోక్షం ఎత్తుకున్నారు. ఏనుగు మడుగులో దిగింది. మొసలి కాలు పట్టింది. ఏనుగు గట్టుకు లాగుతుంది, మొసలి లోతుకు లాగుతుంది. ఎంతసేపైనా అంతే, కథ ముందుకు కదలదు. ఈపాటికి ఏనుగు మొర పెట్టాలి, స్వామి వైకుంఠం నుంచి బయలుదేరాలి. గురువుగారు మరిచిపోయారేమోనని నీలాద్రి కంగారుపడి, స్వామి కదిలే పద్యం తానే అందుకోబోయాడు. కూర్మదాసుగారు అతని చిడతల మీద చెయ్యి వేసి నొక్కేశారు.

"ఇప్పుడే స్వామిని రప్పిస్తే ఇక మిగిలేది మంగళమే. మంగళం పాడాక జనం లేచిపోవాలి. లేచి వీళ్ళెక్కడికి పోతారు?"

పొద్దు వాలేసరికి ఆయన గొంతు పోయింది. నోరు కదులుతోంది, మాట రావడం లేదు. కథ ఆగేసరికి సముద్రం హోరు పందిట్లోకి వచ్చేసింది. వెనక ఎవరో సన్నగా ఏడుపు మొదలెట్టారు. ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. అప్పుడు కూర్మదాసుగారు వంగారు. తన కాలి గజ్జె విప్పి నీలాద్రి కాలికి కట్టారు.

ఎన్నేళ్ళుగానో కోరుకున్న ఘడియ ఇలా వచ్చింది! నీలాద్రి "గురువుగారూ, నేను..." అన్నాడు. ఆయన చేత్తో జనాన్ని చూపించారు, అంతే.

పద్యం ఎత్తాడు. సగంలో శ్రుతి జారింది. ఎన్నడూ మరవని పద్యం, తర్వాతి పాదం గుర్తు రాలేదు. లేచినవాళ్ళు ఇంకా నిలబడే ఉన్నారు. దిక్కు తోచక నూకాలమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, ఏనుగు అలిసిపోయింది. ఏం చెయ్యాలంటావు?"

"ఏటి సేస్తాది? కాళ్ళు ఇసకలో తన్నిపెట్టి నిలబడాల. ఒడ్డు కేసే సూడాల."

నీలాద్రి ఆ మాటనే రాగంలో పెట్టి పాడాడు. కాలు కదిపాడు, గజ్జె మోగింది. "ఆ మొసలిముండ దవడ ఇరిగిపోను!" అని ఇంకొకామె తిట్టింది. అదీ పాడాడు. ఏడుస్తున్నవాళ్ళే నవ్వారు. లేచినవాళ్ళు కూర్చున్నారు. ఒకరు ఒక మాట ఇస్తే అతను దాన్ని పాట చేసి ఇస్తున్నాడు. ఏనుగు నీళ్ళలో నిలబడే ఉంది.

"పడవలొచ్చినాయర్రా!" ఒడ్డు నుంచి కేక వచ్చింది.

పందిరంతా ఒక్క ఉదుటున లేచి పరిగెత్తింది. నడుములోతు నీళ్ళలో కావిలింతలు, ఏడుపులు, తిట్లు. నీలాద్రి రెండు చేతులూ ఎత్తి స్వామికి దణ్ణం పెట్టుకున్నాడు. చెంపల మీద కన్నీళ్ళు తుడుచుకుని గురువు దగ్గర చతికిలబడ్డాడు.

"శ్రుతి పోయింది, పద్యం పోయింది. అర్హత సంగతి ఊరొచ్చాక చూద్దామన్నారు. ఇప్పుడైనా చెప్పండి, నాకది ఉన్నట్టా, లేనట్టా?" అంటూ గజ్జె ముడి మీద చెయ్యి వేశాడు. ఖాళీ పందిరికి మంగళం ఎందుకని.

కూర్మదాసుగారు అతని మణికట్టు పట్టుకున్నారు. ఆయన చూస్తున్న వైపు నీలాద్రీ చూశాడు. నూకాలమ్మ కూర్చున్నచోటే కూర్చుని ఉంది. ఆమె కొడుకున్న పడవ ఒక్కటే రాలేదు. ఆమె సముద్రంకేసి చూడటం లేదు, అతని కాళ్ళకేసి చూస్తోంది.

"విప్పకు నాయనా" అన్నారు కూర్మదాసుగారు, ఆ పోయిన గొంతుతోనే. "ఏనుగింకా నీళ్ళలోనే ఉంది."