ఉప్పు మడిలో పడవామె

అనగనగా, ఆకాశం వచ్చి నేల మీద పడుకునే ఒక ఊరుండేది. నవ్వకు, నిజంగానే. సముద్రం పక్కన ఊరు కదా, అక్కడ అందరూ ఉప్పు పండించేవాళ్ళు. వరి మళ్ళలాగే చిన్న చిన్న ఉప్పు మళ్ళు కట్టి, వాటిలోకి సముద్రపు నీళ్ళు పెట్టేవాళ్ళు. ఆ నీళ్ళలో ఆకాశం మొత్తం కనపడేది. పొద్దున్నే ఎవరైనా మళ్ళలో దిగి నడిస్తే, మబ్బుల మీద నడుస్తున్నట్టే ఉండేది. ఊఁ కొడుతూ ఉండు మరి, లేకపోతే కథ ఆపేస్తాను.

ఆ నీళ్ళు ఎండకి ఎండి ఎండి ఉప్పయ్యేవి. ఉప్పు తెల్లగా రావాలంటే ముందు మడి అడుగు గట్టిగా ఉండాలి. మెత్తగా ఉంటే బురద లేచి ఉప్పులో కలిసిపోతుంది. అందుకని ప్రతి ఏడూ వానలు తగ్గాక ఊరంతా కలిసి పలచగా నీళ్ళు పెట్టి, వట్టి కాళ్ళతో మడి తొక్కేవాళ్ళు. దాన్ని తొక్కుడు రోజు అనేవాళ్ళు. ఆ రోజు తొక్కినవాళ్ళు ఆ ఊరివాళ్ళు, వాళ్ళకో మడి. తొక్కనివాళ్ళకి మడీ లేదు, ఊళ్ళో చోటూ లేదు.

ఎవరు తొక్కాలో చెప్పేది సూరమ్మ. ఊరికి పెద్ద దిక్కు. ఆమె ముందు అడుగేస్తేనే మిగతావాళ్ళు వేసేవాళ్ళు. మనిషి మంచిదే, నోరు మాత్రం మహా గడుసు.

ఒక ఏడు పొగమంచులోంచి ఒక తెరచాప పడవ వచ్చింది. అందులోంచి ఒకామె దిగింది, చంకలో కూతురు. వాళ్ళది సముద్రానికి అవతలి దేశం. భర్త పడవ మీదే జబ్బు చేసి పోయాడు. రేవు రేవూ తిరిగి మన మాటలు నేర్చుకుంది. నిగనిగలాడే నలుపు, ఉంగరాల జుట్టు. ఊళ్ళోవాళ్ళు ఆమెని నల్లామె అన్నారు. వాళ్ళేదో పాలమీగడ రంగులో ఉన్నట్టు. పొద్దస్తమానం ఎండలో మాడే మొహాలు, ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నారో లేదో. నాకైతే ఒళ్ళు మండుతుంది. మనం మాత్రం ఆమెని పడవామె అందాం.

అప్పుడు తొక్కుడు రోజు వచ్చింది. పడవామె గట్టు మీద నిలబడి, "పెద్దమ్మా, నేనూ తొక్కనా?" అని అడిగింది.

సూరమ్మ ఆమె పాదాలకేసి చూసింది. "నువ్వు దిగితే నీ నలుపంతా నీళ్ళలో దిగుద్ది. ఉప్పు నల్లబడిపోద్ది. నువ్వొద్దు" అంది.

ఒంటి నలుపు నీళ్ళలో దిగడమేంటి, అదేమైనా కాటుకా? అయినా ఆ మాటకి ఊరంతా నవ్వింది. పడవామె నవ్వలేదు. కూతుర్ని ఎత్తుకుని వెళ్ళిపోయి, ఊరి పక్కనున్న ఏటి అవతల చిన్న గుడిసె వేసుకుంది. పీతలు పట్టుకుని, పుల్లలు ఏరుకుని ఏడాది గడిపింది.

ఆ తర్వాత రెండో ఏడు మళ్ళీ వచ్చి అడిగింది. ఈసారి సూరమ్మ గొంతు తగ్గించింది. "నాదేముందే, నేనేం అడ్డు చెప్పను. ఊళ్ళోవాళ్ళే ఒప్పుకోరు" అంది.

పడవామె ఊరుకుందా? ఇంటింటికీ వెళ్ళి అడిగింది. "సూరమ్మ సరేనంటే మాకేంటి" అన్నారు మొదటి ఇంటివాళ్ళు. "మాదేముంది, సూరమ్మనడుగు" అన్నారు రెండో ఇంటివాళ్ళు. చివరింటివాళ్ళు తలుపు సగం తీసి, సూరమ్మ పేరే చెప్పి తలుపేసుకున్నారు. చూశావా, అడిగితే అందరూ మంచివాళ్ళే. పడవామెకి మాత్రం ఆ ఏడూ మడి దొరకలేదు.

వాళ్ళని అంటున్నాను గానీ, నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ కొందరు పెరటి గుమ్మం దాటి లోపలికి వచ్చేవాళ్ళు కాదు. ఎందుకని నేనూ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది తల్లీ.

సరే, మూడో ఏడు వచ్చింది. చంకలో పిల్ల ఎదిగి, మబ్బుల మీద నడిచే మనుషుల్ని చూస్తూ, గట్టు మీదే ఉత్తుత్తి అడుగులు వేస్తోంది. తొక్కుడు రోజు ఇంకో పూట ఉందనగా పడవామె సూరమ్మ కోసం వెతుక్కుంటూ వెళ్ళింది. సూరమ్మ ఒక్కతే మడి గట్టు మీద కూర్చునుంది. చుట్టూ మంచు, నీళ్ళనిండా మబ్బులు.

"పెద్దమ్మా, ఈసారి మడి అడగడానికి రాలేదు" అంది పడవామె. "రేపు పడవ వస్తోంది. మేం వెళ్ళిపోతున్నాం. పోయేముందు ఒక్కటి చెప్పు. నేనంటే నీకేంటి? అబద్ధం మాత్రం చెప్పకు."

సూరమ్మ గభాలున ఏదో అనబోయి, ఆపేసి నీళ్ళకేసి చూసింది. ఒక మబ్బు ఈ మడిలోంచి ఆ మడిలోకి వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ వెళ్ళిపోయింది. మూడో మబ్బు వచ్చాక మాట బయటికొచ్చింది.

"చిన్నప్పుడు నన్ను బొగ్గు అనేవోళ్ళు" అంది సూరమ్మ. "మా అమ్మే అనేది. పెళ్ళిచూపులకొచ్చినోళ్ళు నన్ను కాదని మా చెల్లిని చేసుకెళ్ళారు. ఈ ఊళ్ళో నా అంత నల్లగా ఇంకెవరూ లేరు. అప్పుడు నువ్వొచ్చావు. నాకంటే నల్లటిది ఒకతి దొరికిందని నాకు హాయిగా అనిపించింది. నువ్వలా గట్టు మీదుంటే ఇక నన్నెవరూ అనరనుకున్నా. అంతే. ఉప్పుకేం కాదు, అది నాకు అప్పుడే తెలుసు."

చెప్పి సూరమ్మ ఏడ్చింది. పెద్దవాళ్ళూ ఏడుస్తారు, ఏడవనీ.

"నువ్వు పడ్డ బాధే నన్నూ పడమన్నావా పెద్దమ్మా?" అంది పడవామె. "నా బిడ్డ రెండేళ్ళు గట్టు మీదే నిలబడిపోయింది."

"తప్పయిపోయింది. నన్ను మన్నించు."

"మన్నించడానికి నాకు కొన్నాళ్ళు పడుతుంది. తొక్కమంటే మాత్రం రేపే తొక్కుతా. ఇప్పుడు నాకు చెప్పిన మాట రేపు అందరి ముందూ చెప్తావా?"

సూరమ్మ కళ్ళు తుడుచుకుని సరేనంది.

ఆ తర్వాత తెల్లవారింది. రేవులో పడవ ఆగి ఉంది. ఊరంతా మడి దగ్గర చేరింది. సూరమ్మ అందరి ముందూ నిలబడి, బొగ్గు అన్న మాట దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పింది. "ఉప్పు నల్లబడుద్దన్నది నేను పుట్టించిన మాట. రెండో ఏడు తప్పు మీ మీదకి తోశాను. మీరు మళ్ళీ నా మీదకే తోశారు. ఇక చాలు" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. చివరింటివాళ్ళు తల దించుకున్నారు.

అప్పుడు పడవామె మడిలో దిగింది. కూతురూ దిగింది. అందరూ ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరసగా నిలబడ్డారు. చల్లటి బురద అందరి పాదాలనీ కప్పేసింది. అందుకని అందరూ ఒకటైపోయారనుకునేవు, కాదు. కడుక్కున్నాక ఆమె పాదాలు మళ్ళీ నల్లగానే ఉంటాయి. ఉండనీ, అవి ఆమె పాదాలు.

ఆ ఊళ్ళో తొక్కేటప్పుడు వరసలో ఉన్న ఒక్కొక్కరి పేరూ సూరమ్మ రాగం తీసి పిలుస్తుంది. ఒక్కో పేరుకి ఊరంతా కలిసి ఒక్కో అడుగు వేస్తుంది. "గవరయ్యా" అని పిలిచింది, ఒక అడుగు పడింది. "పైడితల్లీ" అని పిలిచింది, ఇంకో అడుగు పడింది. తర్వాత తన పక్కనున్న పడవామె వైపు తిరిగి నోరు తెరిచింది. పేరు రాలేదు. రెండేళ్ళుగా ఏటి అవతలే ఉన్న మనిషి పేరు సూరమ్మకి తెలియదు. వరస చివరిదాకా చూసింది. ఎవరికీ తెలియదు. ఊరంతా ఒక కాలు పైకెత్తి, మబ్బుల మీద అలాగే ఆగిపోయింది.

అప్పుడు సూరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అడిగింది. "నీ పేరేంటమ్మా?"

"నీమా" అందామె. "పాప పేరు జూరి."

"నీమా" అని పిలిచింది సూరమ్మ, ఏటి అవతలికి వినపడేంత గట్టిగా. ఊరి కాళ్ళన్నీ ఒక్కసారి దిగాయి. "జూరీ" అని పిలిచింది, మళ్ళీ దిగాయి. రేవులో పడవ కాసేపు చూసి, వాళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది.

ఉప్పు చేరె కొట్టుకి,
కొంగ చేరె గట్టుకి,
కథ చేరె కంచికి,
నిద్ర చేరె కంటికి.