ఒకే ఒక్క తూము

అనగనగా ఒక అడవి, పిల్లలూ. ఆ అడవి నడుమ ఒక బాట. దాని మీద అడవిదున్నలు మందలు మందలుగా పరుగులు తీసేవి. బాటకు ఇవతల పొదలు, అవతల వాగు. ఇవతలి పొదలో బూదమ్మ అనే కుందేలు తన ముగ్గురు పిల్లలతో ఉండేది. రోజూ పొద్దువాలే వేళ బాట దాటి పిల్లలకు నీళ్ళు తాగించుకొచ్చేది. ఎక్కడ దాటుతుందో మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. బూదమ్మే కాదు, ఆ అడవిలో ఎవరూ చెప్పరు. చెబితే నక్క వచ్చి అక్కడే కాపు కాస్తుందని భయం.

ఒకరోజు ఎలుగు మేస్త్రి వచ్చాడు.

"సింహం రాజుగారి ఆజ్ఞ. బాటను నాలుగింతలు వెడల్పు చేస్తున్నాం. రెండు పక్కలా రాతిగోడ కడతాం," అన్నాడు.

బూదమ్మ పొదలోంచి బయటికి గెంతింది. "గోడ కడితే నీళ్ళకెలా పోతామయ్యా?" అంది.

"అందుకే అడుగుతున్నా తల్లీ. మీరు దాటే చోట్లు చెప్పండి. ఎన్ని చెబితే అన్ని తూములు పెడతాను. బాట కింద నుంచి దూరి పోవచ్చు. మూడు రోజులు వస్తాను. తర్వాత నన్నేమీ అనొద్దు."

మొదటి రోజు ముళ్ళపందిని అడిగాడు. "నేను దాటనే దాటనండి," అంటూ అది ముళ్ళు నిక్కించుకుని వెళ్ళిపోయింది. దాని కాళ్ళకు వాగు బురద ఇంకా ఆరనే లేదు!

రెండో రోజు తాబేలు తాతను అడిగాడు. తాత తల లోపలికి లాక్కున్నాడు. మేస్త్రి ఎంతసేపు నిలబడినా బయటికి తీయలేదు.

మూడో రోజు బూదమ్మ వంతు. పాపం, చెప్పేద్దామనే వచ్చింది. నోరు కూడా తెరిచింది. అప్పుడే చూసింది, రాతి పక్కన నక్క పడుకుని ఉంది. కళ్ళు మూసుకునే ఉంది కానీ చెవులు రెండూ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"అమ్మా, మనం రేగుపొద దగ్గర..." అనబోయింది చిన్నపిల్ల.

బూదమ్మ గబుక్కున దాని నోరు మూసింది. "మేమెక్కడా దాటమండీ," అంది.

నక్క లేచి ఒళ్ళు విరుచుకుంది. "నేను దాటుతాను మేస్త్రీ. అదిగో, ఆ మోదుగచెట్టు పక్కన. రాసుకో."

మేస్త్రి రాసుకున్నాడు.

బాట వెడల్పయింది. గోడలు లేచాయి. ఇంత పెద్ద బాటకూ ఒకే ఒక్క తూము!

బూదమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ తూము దగ్గరికి వెళ్ళింది. లోపలంతా చీకటి. ఆ చీకట్లో రెండు కళ్ళు మెరిశాయి.

"రా కుందేలక్కా, భయమెందుకు? పిల్లల్ని ముందు పంపు," అంది నక్క తీయగా.

బూదమ్మ పిల్లల్ని లాక్కుని వెనక్కి పరుగెత్తింది. గోడ నీడన ముళ్ళపంది, తాబేలు తాత నాలుకలు పిడచకట్టుకుపోయి కూర్చున్నారు.

"అందరం చెప్పి ఉంటే పది తూములు ఉండేవి," అన్నాడు తాత. "ఉన్నది ఒక్క నక్క. పదింటి దగ్గరా ఎలా కాపు కాసేది?"

గోడ అవతల వాగు గలగలమంటూనే ఉంది.

చిన్నపిల్ల రేగుపొద దగ్గరికి వెళ్ళి గోడను గోకింది. "అమ్మా, దాహం. మనం దాటేది ఇక్కడే కదా?"

"ఇక్కడే తల్లీ, ఇక్కడే!" అని బూదమ్మ గొంతు చించుకుని అరిచింది. వినడానికి మేస్త్రి అక్కడ లేడు.

నీతి: అడిగిన రోజున భయపడి నోరు మూసుకుంటే, నోరు తెరిచినవాడు చూపిన దారినే మన పిల్లలు నడవాల్సి వస్తుంది.