పోగులు వేసిన చెయ్యి

పేరయ్య మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. బడిలో ఏళ్ళ తరబడి పౌరశాస్త్రం బోధించిన మనిషి, రాజ్యాంగం ఆయనకు కంఠతా వచ్చు. అయినా అందులోంచి ఒక్క ముక్క పైకి తియ్యకుండా, "ముందు ఆ చిక్కుడుకాయల ఈనెలు తియ్యి" అంటారు.

ఆయన శిష్యురాలు అలివేలు ఆ ఆదివారం గోదావరి లంకలో ఉన్న ఆయన ఇంటికి వచ్చేనాటికి ఎమ్మెల్యే. నాలుగు రోజుల్లో మంత్రి కాబోతోంది. వరదలో ఇళ్ళు కొట్టుకుపోయినవాళ్ళకు స్థలాలిచ్చే చట్టం ఆమె చేతుల మీదుగా సభకు రావాలి. ఎవరికివ్వాలో, ఎంతివ్వాలో అందులోనే రాసిపెట్టాలంటారు అధికారులు. అంత చాదస్తం దేనికి, 'మంత్రికి తగినవారని తోచినవారికి' అంటే చాలదా అంటుంది అలివేలు. మెడలోతు నీళ్ళలో తిరిగిన మనిషి, ఎవరి గోడు ఏమిటో ఆమెకు నిజంగానే తెలుసు.

"మాస్టారూ, చట్టం చేసేది సభ, అమలు చేసేది ప్రభుత్వం అని రాజ్యాంగం ఎందుకు విడదీసిందండీ? మంత్రి కూచునేదీ ఆ సభలోనేగా! మనసు మంచిదైతే రెండు పనులూ ఒక్క చేతికిస్తే పోలా? అవతల జనం టార్పాలిన్ల కింద తడుస్తున్నారు."

"వీధిలో మేకను కోశారు. పోగులు వేద్దువుగాని రా అమ్మాయ్" అన్నారు మాస్టారు.

ఆ వీధివాళ్ళంతా కలిసి ఒక మేకను కొనుక్కుంటారు. ఒకరు అరిటాకుల మీద పోగులు వేస్తారు. అందరూ చూసి సరేనన్నాక, మరొకరు పోగులకు వీపు పెట్టి గోడవైపు తిరిగి నిలబడతారు. ఒక్కో పోగూ చూపించి "ఇదెవరిది?" అని అడిగితే, చూడకుండానే ఓ ఇంటి పేరు చెబుతారు. పోగులు వేసినవాళ్ళకూ ఒక పోగు ఉంటుంది, అది ఏదో వాళ్ళకూ తెలియదు.

పేర్లు చెప్పే సత్తిరాజు ఇంకా రేవు దాటి రాలేదు. "ఆయనెందుకు? వేసేదీ ఇచ్చేదీ నేనే చేసేస్తాను. అందరూ నాకు తెలిసినవాళ్ళేగా" అంటూ అలివేలు కొంగు దోపుకుంది. మాస్టారు నవ్వి అరుగు మీద కూచున్నారు.

ఆమె ఎవరికీ అన్యాయం తలపెట్టలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. వరదలో ఇల్లు పోయి వీధి చివర టార్పాలిన్ కింద ఉంటున్న పల్లాలమ్మకు మోకాళ్ళ నొప్పులు, అందుకని ఆమెకు మూలగ బొమికలు ఎక్కువ వేసింది. పిల్లలున్న ఇంటికి మెత్తటి కండ. మాస్టారికి కార్జం, గురుభక్తి ఊరుకుంటుందా మరి! పేర్లు పెట్టి పిలిచి ఎవరిది వాళ్ళకు చూపించింది. ఒక్కరూ ఆకు ఎత్తుకోలేదు. తక్కువ వచ్చినవాళ్ళు మూతి ముడుచుకున్నారంటే అర్థముంది. మంచి పోగు దక్కిన పల్లాలమ్మ కూడా కదల్లేదు.

"నీకు ఎక్కువే వేశాను కదా పిన్నీ" అంది అలివేలు నొచ్చుకుంటూ.

"వేశావమ్మా, నీ కడుపు చల్లగుండ. ఇయ్యేళ నా మోకాళ్ళు నీ కంటబడ్డాయి. రేపు నా నోటి దురుసు కంటబడితేనో? ఇది తిన్నాక నీ ఎదుట నోరెత్తగలనా?"

అలివేలుకు ఒళ్ళు మండింది. మంచికి పోయి మాట పడితే ఎవరికి మాత్రం బావుంటుంది? అంతలో సత్తిరాజు రానే వచ్చాడు. "కలిపేసి మళ్ళీ వెయ్యమ్మా" అన్నారు వీధివాళ్ళు. "మరి మోకాళ్ళ నొప్పులవాళ్ళ సంగతో?" అని అడిగింది అలివేలు. "ఆ మాట ముందే అందరిలో అనాలి గానీ" అన్నాడు సత్తిరాజు. సరే, ఆ మాట అందరిలోనే అనుకున్నారు. నొప్పులున్న ప్రతి ఇంటికీ మూలగ బొమికలు ముందే విడిగా, సమంగా తీసి ఇచ్చి, మిగతాది పోగులు వెయ్యాలని అందరూ ఒప్పుకున్నారు. పల్లాలమ్మతో పాటు అలివేలుకు తెలియని ఇళ్ళు మరో రెండు తేలాయి.

సత్తిరాజు గోడవైపు తిరిగాడు. ఈసారి అలివేలు చెయ్యి నెమ్మదించింది. ఏ పోగు ఎవరిదో తెలియకపోయేసరికి ప్రతి పోగునూ తనకే వస్తుందేమో అన్నట్టు చూసుకుంది. కార్జం అన్ని ఆకుల మీదికీ చేరింది. పేర్లు వినబడ్డాయి, ఆకులు లేచాయి. తనకు కోపం ఎప్పుడు పోయిందో అలివేలుకే తెలియలేదు.

పల్లాలమ్మ తన ఆకు చంకన పెట్టుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. వీధంతా వినేట్టు గొంతెత్తింది.

"ఏవమ్మా మంత్రిగారూ! పోగులు బాగానే వేశావు గానీ, మా స్థలాల మాటేంటి? ఇంకెన్నాళ్ళు తడవమంటావు?"

అలివేలు మాస్టారివైపు చూసింది.

"నువ్వు నన్నడిగినదానికేం తొందర" అన్నారు మాస్టారు తన ఆకు అందుకుంటూ. "ముందు ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పు."