కుందేలమ్మ ఇల్లు, గిజిగాడి పంతం

ఎర్రకోన అడవిలో ఏనుగులూ, ఏదుపందులూ, కుందేళ్ళూ, రకరకాల పిట్టలూ కాపురముండేవి. ఆ కోనలో గిజిగాడు పోలయ్య పేరుమోసిన పనివాడు. అతను అల్లిన గూడు గాలివానకు ఊగుతుందే గాని ఊడదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువగా పోలయ్యకే తెలుసు.

కిందటేడు వాగు పొంగి కుందేలమ్మ పిల్లలు కొట్టుకుపోయాయి. ఈ ఏడు ఆమె మళ్ళీ నిండు నెలలతో ఉంది. అందుకని ఏనుగు పెద్దమ్మ అందరినీ పిలిచింది.

"తొలకరి పడేలోపు కుందేలమ్మకు ఇల్లు కావాలి. పోలయ్యా, అల్లిక నీది. ఏదుపంది గవరయ్యా, మట్టిపని నీది. ఏం కట్టాలో, ముందు ఏది కట్టాలో కౌజుపిట్ట రంగి చూసుకుంటుంది."

పోలయ్యకు ఒళ్ళు మండింది. రెండేళ్ళ కిందట ఈ రంగే, "తాతా, నీ గూటి వాకిలి ఇరుకు" అన్నది. ఆ మాట అతను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

"అది పుల్ల ముట్టదు, మట్టి తీయదు. ఇంటింటికీ తిరిగి కబుర్లాడుతుంది. అది నాకు పని చెప్పేదేమిటి?" అన్నాడు.

"నాకూ అర్థం కాలేదు మామా. ఏం చెబుతుందో విందాం," అన్నాడు గవరయ్య.

రంగి నేరుగా కుందేలమ్మ పొదకు పోయి కూర్చుంది. "వదినా, నీకు అన్నిటికంటే దేనికి భయం?" అని అడిగింది.

"నీళ్ళకు. ఆ తరవాత నక్కకు. ఒక్కటే వాకిలి ఉంటే, నక్క వస్తే ఎటు పోను?"

కొమ్మ మీదనుంచి పోలయ్య ఇదంతా విని నవ్వుకున్నాడు. ఇల్లు కట్టేవాడికి ఇల్లు తెలియదా? వాగు ఒడ్డున ఉన్న గడ్డి అంతా చీల్చి తెచ్చుకుని, ఆ రోజే అల్లిక మొదలుపెట్టాడు.

"తాతా, ఒక్క పూట ఆగు. కుందేలమ్మ వదిన ఏం చెప్పిందో విను," అన్నది రంగి.

"మా తాత అల్లాడు, మా నాన్న అల్లాడు. ఎవరూ ఎవరినీ అడగలేదు. నువ్వు పోయి గింజలేరుకో."

ఎనిమిది రోజుల్లో ఇల్లు పూర్తయింది. వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకు గుమ్మడికాయలా వేలాడింది. కిందికి పొడుగాటి గొట్టం, అదే వాకిలి. నిజంగా చూడముచ్చటైన ఇల్లు.

తొమ్మిదో రోజు మబ్బు పట్టింది. కుందేలమ్మ బరువుగా నడుచుకుంటూ వచ్చి, చాలాసేపు పైకి చూసింది.

"చాలా బాగుంది తాతా. నేనెలా ఎక్కాలి?"

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి పోలయ్య అల్లిందంతా రెక్కలున్నవాళ్ళకే.

"ముందు రెక్కలు అల్లిపెట్టు తాతా, ఇంట్లోకి తరవాత పోతుంది," అన్నది పొదలోంచి ఒక తుంటరి అడవికోడి.

రంగి మాత్రం నవ్వలేదు. "ఈ ఎనిమిది రోజుల్లో వదిన చెప్పినట్టే గట్టు మీద గవరయ్య బావ నేల ఎత్తు చేశాడు. చుట్టూ గోడ లేపి, రెండు వాకిళ్ళు పెట్టాడు. కప్పు ఒక్కటే లేదు. నీ అల్లికలోంచి వాన దిగుతుందా తాతా?"

"చుక్క దిగదు."

"మరి గడ్డి ఉందా?"

ఒడ్డున ఒక్క పరక మిగల్లేదు. ఉన్నదంతా ఆ వేలాడే ఇంట్లోనే ఉంది. పోలయ్య దానివంక చూశాడు, కుందేలమ్మ వంక చూశాడు. తరవాత తన ముక్కుతోనే మొదటి పరక లాగాడు.

మధ్యాహ్నానికి గట్టు మీద సగం కప్పు లేచింది.

"అంచుకు మంచి పూలల్లిక వేస్తాను," అన్నాడు పోలయ్య.

"అది వాన వెలిశాక వేద్దువు తాతా. ముందు పడమటి పక్క మూయి, జల్లు అటునుంచే కొడుతుంది."

పోలయ్య ముక్కు బిగించాడు. కానీ పడమటి పక్కే మూశాడు.

సాయంత్రం వాన దంచింది. వాగు పొంగి, గట్టు మొదలుదాకా వచ్చి ఆగింది. లోపల కుందేలమ్మ మూడు పిల్లల్ని కన్నది. ఒక్కదానికీ తడి తగల్లేదు.

బయట పోలయ్య తడిసి ముద్దయ్యాడు. పంతానికి పోయి ఆ ఏడు తనకని గూడే అల్లుకోలేదు.

"కప్పు నీదే కదా తాతా, లోపలికి రా," అని పిలిచింది కుందేలమ్మ.

వాన తగ్గాక ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళలోంచి అడవికోడి అడిగింది. "కప్పు పోలయ్య తాతది, నేల గవరయ్యది. ఇందులో రంగి చేసిందేముంది?"

పోలయ్య రంగివైపు చూడకుండానే జవాబిచ్చాడు. "ఇది కుందేలమ్మకు ఇల్లయింది. అది రంగి చేసిన పని. నేనొక్కణ్ణే కట్టినది గిజిగాడి గూడు."

అప్పటినుంచి ఎర్రకోనలో పదిమంది కలిసి చేసే ఏ పనికైనా ఏనుగు పెద్దమ్మ ముందు రంగినే పిలిచేది.

నీతి: ఎవరికోసం చేస్తున్నామో వాళ్ళనడిగి, ముందేది తరవాతేది అని తేల్చి, పదిమందిని ఒక్క పని మీద నిలబెట్టడం కూడా పెద్ద పనే. అడగకుండా కట్టినవాడు తన చేత్తోనే విప్పుకోవాల్సి వస్తుంది.